కందెన గొట్టం

శ్రీకూర్మం,
11 ఫిబ్రవరి 1968

జగన్నాధం గారికి,

1948 నవంబరులో మీరు నాకొక తంతి ఇచ్చారు. "మందు తెస్తున్నాను. రేపు మధ్యాహ్నానికి మోటారు సైకిలు మీద శ్రీకూర్మం చేరతాను." ఆ మాట నేను మా నాన్నకు చదివి వినిపించాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆయన మంచం పట్టి ఉన్నాడు. శ్రీకాకుళం డాక్టరు రాసిచ్చిన కొత్త ఇంజక్షను విజయనగరంలో తప్ప దొరకదన్నారు. మరునాడంతా ఆయన చెవి వీధివైపే ఉంది. "గణపతీ, ఇనబడతన్నాదేట్రా బండి సప్పుడు?" అని అడిగి అడిగి పోయాడు. మీరు కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి చితి చల్లారింది. రణస్థలం దగ్గర ఇంజను బిగుసుకుపోయిందన్నారు.

నేను నమ్మలేదు. ఆ రాత్రి మిమ్మల్ని విజయనగరంలో నాటకం పాకలో చూసినవాళ్లున్నారని మా ఊరి నరసింగరావు చెప్పాడు. ఇంజను నిజంగా బిగిసి ఉంటే మీరు దాన్ని బాగుచేయించి ఉండేవారు కదా? తెచ్చి గొడ్ల సావిట్లో పడేశారు, ఇన్నేళ్లూ ముట్టలేదు. దాచవలసింది ఉన్నవాడే అలా చేస్తాడు.

ఇప్పుడు దాన్ని పాత ఇనుముకింద అమ్మేస్తున్నారని మా ఆవిడ తవిటమ్మతో మీ ఇంటావిడ, మా అప్ప, అన్నదట. సాక్ష్యాన్ని తూకానికి అమ్మనివ్వను. పరుగు మీద బిగిసిన ఇంజనుకు లోపల గాయం ఉంటుంది, ఆ గాయం మానదు. గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. దుమ్ము దులిపిన ప్రతి పుస్తకాన్నీ చదివాను. ఇంజనుల మీద పుస్తకాలు కూడా వాటిలో ఉన్నాయి. మిగిలింది చేత్తో నేర్చుకుంటాను. బండి నాకు పంపండి. విప్పి చూస్తాను. గాయం లేకపోతే ఆ సంగతి బంధువుల్లో నలుగురి ముందు చెబుతాను.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు,
గణపతిరావు

*

శృంగవరపుకోట,
22 ఫిబ్రవరి 1968

చిరంజీవి గణపతికి,

మీ అప్పా నేనూ దీవిస్తున్నాం. నీ చేతిరాత చూసి ఇరవై ఏళ్లయింది. కవరు మీద నా పేరు చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. చదివాక, నిలబడి చదివి ఉంటే పడిపోయేవాణ్ణని అర్థమైంది. ఒకప్పుడు "ఒరే బావా" అని పిలిచి నా జేబులో చుట్టలు లాక్కునేవాడివి. ఇప్పుడు "మీరు" అంటున్నావు. సరే.

బండి నీదే అనుకో. కోళ్లు సీటు కింద గుడ్లు పెట్టుకుంటున్నాయి, వాటికి వేరే ఏర్పాటు చెయ్యాలి, అంతే. పాత ఇనుము వాడు వచ్చిన మాట నిజం. మీ అప్పే రమ్మంది. ఆమెకు దాని ముఖం చూస్తేనే పడదు. బెల్లం లారీ ఒకటి శ్రీకాకుళం వెళుతుంది, అందులో వేయిస్తాను.

ఒక్క మాట విను. తుడుచుకో, రంగు వేసుకో, వాకిట్లో నిలబెట్టి చూసుకో. ఇంజను మాత్రం విప్పకు. పాత ఇనుము గీరితే చెయ్యి తెగుతుంది. మామగారి ప్రాణం అందులో లేదు. ఉన్నా తిరిగి రాదు.

తవిటమ్మకు ఆశీస్సులు. మోకాళ్ల నొప్పికి వావిలాకు కాపడం పెట్టమను.

నీ బావ,
జగన్నాధం

*

శ్రీకూర్మం,
14 ఏప్రిల్ 1968

జగన్నాధం గారికి,

విప్పకు అన్నారు. అంటే విప్పవలసిందే అని అర్థం చేసుకున్నాను.

బండి చేరింది. అంతా బెల్లం వాసన. చీమలు నాకన్నా ముందే దాన్ని విప్పడం మొదలుపెట్టాయి. మద్రాసు నుంచి పోస్టులో ఇంజను బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకున్నాను. శ్రీకాకుళంలో లారీలు బాగుచేసే కూర్మయ్య ఆదివారాలు వచ్చి కూర్చుంటాడు. అతని పానాలు ఈ బండి నట్లకు పట్టలేదు, ఈ ఇంగ్లీషు బండి కొలతలు వేరు. ఆ సంగతి పుస్తకం చూసి నేనే అతనికి చెప్పాను. సరైన పానాలు విశాఖపట్నంలో పాత సైనిక సామాను అమ్మేచోట దొరికాయి.

ఇల్లంతా కిరోసిను. తవిటమ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ పక్కనే తిరుగుతుంటే నాకు భయం వేసి అరిచాను. ఆమె చుట్ట తీసి చూపించి, "నిప్పు నా నోట్లో ఉన్నాది గదా, నీ కిరసనాయిలు నా నోట్లోకొస్తాదేటి?" అంది. కిరోసిను డబ్బా నేనే పెరట్లోకి మార్చుకున్నాను. తన ఇత్తడి పళ్లెం నట్లు నానబెట్టడానికి తీసుకున్నానని తెలిశాక ఇంకా చాలా అడిగింది. అవి రాయను.

నరసింగరావు రోజూ గోడ మీదుగా తొంగిచూస్తున్నాడు. "ఏటి గణపతీ, పుస్తకాల పురుగు ఇనుం కూడా తింటాదేటి?" అంటాడు. మూడు జిల్లాల స్కూళ్లు తనిఖీ చేసి పెన్షను పుచ్చుకుంటున్న మనిషి. ఆయన వస్తున్నాడంటే పంతుళ్లు కోడిని కోసేవారు తప్ప పాఠం చెప్పేవారు కాదు. ఇంజను తిరిగిన రోజున ఆ గోడ దగ్గరే ఆయనకు కుర్చీ వేయిస్తాను.

అసలు సంగతి. ఇంజను మీది మూత తీశాను. లోపల పిస్టను కదలడం లేదు. ఎర్రగా తుప్పు. "బాబూ, ఇది వానకి తడిసి తుప్పట్టి బిగిసింది గాని పరుగులో బిగిసింది కాదు" అన్నాడు కూర్మయ్య. విన్నారు కదా? గొడ్ల సావిట్లో పడ్డాక బిగిసిన బండిని, దారిలోనే బిగిసిందని మా నాన్న చితి ముందు నిలబడి చెప్పారు మీరు.

గణపతిరావు

*

శృంగవరపుకోట,
25 ఏప్రిల్ 1968

చిరంజీవి గణపతికి,

కూర్మయ్య తుప్పంటే తుప్పే అనుకో. నేను తగవుకు రాను. అక్కడితో ఆపెయ్యి. విప్పినవి ఒక గోనెలో కట్టి పక్కన పెట్టు, బాబూ.

నీ ఉత్తరం మీ అప్పకు పైపైన చదివి వినిపించాను, అడ్డపొగ దగ్గర తెగ నవ్వింది. కూర్మయ్య మాట దగ్గరికి వచ్చి ఆపేశాను.

ఇక్కడ మామిడి పిందె బాగా నిలిచింది. కాయ ముదిరాక ఆవకాయ పెట్టి పంపుతానంటోంది మీ అప్ప.

జగన్నాధం

*

శ్రీకూర్మం,
16 జూన్ 1968

జగన్నాధం గారికి,

మీ పోస్టుకార్డు చూసి మీరు ఒప్పేసుకున్నారనుకున్నాను. తగవుకు రాను అనేవాడు తప్పు చేసినవాడే అని తవిటమ్మతో కూడా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేని పని. అందుకని ఎందుకు తీసుకుంటున్నానో వివరంగా రాస్తాను.

పిస్టను మీద కిరోసిను పోసి నానబెట్టాను. రోజూ టేకు ముక్క పెట్టి మెల్లగా తట్టాను. గట్టిగా కొడదామన్నాడు కూర్మయ్య. నేను కొట్టనివ్వలేదు. చివరికి ఒక సాయంత్రం నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది. పిస్టను చుట్టూ ఉన్న బారెలు గొట్టం పైకి లేపి, పిస్టను తీసి తుడిచి, వాకిట్లోకి తెచ్చి ఎండలో పట్టుకున్నాను. తుప్పు పైన ఒక వలయంగా ఉంది. అది సావిడి తుప్పే, కూర్మయ్య చెప్పింది అంతవరకు సరి. కానీ పిస్టను పక్కలనిండా నిలువు గీతలు. లోహం కరిగి పైనుంచి కిందికి పూసినట్టు ఉంది. పుస్తకంలో అచ్చు అదే బొమ్మ ఉంది. తుప్పు నిలువుగా గీయదు. అవి వేగంగా పరిగెడుతున్న ఇంజనులో నూనె ఆగిపోతే పడే గీతలు. కూర్మయ్యకు చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "నాను పై తుప్పే సూసినాను బాబూ. ఇది పరుగు మీద సచ్చిన బండే" అన్నాడు. నేర్చుకుంటున్నవాడు నేను, ఒప్పుకున్నవాడు అతను. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

వెంటనే ఆ పిస్టను చేత పట్టుకుని నరసింగరావు ఇంటికి వెళ్లాను. ఏ నాటకం, ఏ పాక, చూసిందెవరు అని అడిగాను. "ఎవులో అన్నార్రా, ఇరవయ్యేళ్ల మాట ఇప్పుడేల?" అన్నాడు. పిస్టను ఆయన భోజనం బల్ల మీద పెట్టాను. ఆయన భార్య దానమ్మగారు అది చూసి, "మా ఆయన ఆ నాటకాలకి ఎల్లిందే నేదు" అంది. ఆ ఇంట్లో ఆ పూట భోజనం సాఫీగా సాగి ఉండదు.

కాబట్టి మీరు అబద్ధమాడలేదు. రాసేశాను.

అయితే మీరు అంతకన్నా పెద్ద పని చేశారు. నూనె నడిచే సన్నటి దారులన్నీ నల్లటి జిగురుతో పూడిపోయి ఉన్నాయి. గరిటెలో వేసి కాచాను. ఇల్లంతా ఆముదం వాసన, దాని వెనక కాలిన గడ్డి మసి వాసన. అది ఇంజను నూనె కాదు. బండి ఇరుసుకు పూసే కందెన! ఎడ్లబండి కింద వేలాడే కందెన గొట్టం తీసి ఇంజనులో ఒంపారు. ఊళ్లో మొదటి మోటారు సైకిలు కొన్న మొనగాడు దానికి కందెన పోస్తాడా? మందుకు వెళ్లే రోజునే నూనె దగ్గర పొదుపు చేశారా? అబద్ధాలకోరు అనుకున్నందుకు క్షమించండి. మూర్ఖుడు అనుకుంటున్నందుకు మాత్రం క్షమాపణ అడగను.

గణపతిరావు

*

శృంగవరపుకోట,
27 జూన్ 1968

చిరంజీవి గణపతికి,

అవును. నేనే పోశాను. నూనె తక్కువగా కనిపించింది, తొందరలో చేతికి దొరికింది పోశాను. మూర్ఖుణ్ణే. నీ మనసు తేలికపడితే ఆ మాట నలుగురిలోనూ చెప్పు.

ఇక మీద ఉత్తరాలు ఇంటికి రాయకు. బస్టాండు పక్కన రైసుమిల్లు చిరునామాకు రాయి, నేను రోజూ వెళతాను. ఇంట్లో మాత్రం కందెన మాట ఎత్తవద్దు. నా ఇన్నేళ్ల వయసు చూసి ఈ ఒక్కటి మన్నించు.

జగన్నాధం

*

శ్రీకూర్మం,
20 ఆగస్టు 1968

రైసుమిల్లు చిరునామాకే రాస్తున్నాను.

మీ ఉత్తరం చూసి మొదట మండిపడ్డాను. మామగారి చావుకు కారణమైన మనిషి, ఆ సంగతి భార్యకు తెలియకుండా మిల్లులో ఉత్తరాలు దాచుకుంటాడా అని. మా అప్పకే నేరుగా రాయడానికి కాగితం తీశాను. కానీ చేతిలో పని ఉంది. కోపంగా ఉన్నప్పుడు పని చెయ్యకూడదనీ, పని చేస్తే కోపం ఉండదనీ ఈ ఇంజను నాకు నేర్పింది. కాగితం పక్కన పెట్టి, అప్పటిదాకా ముట్టని నూనె ట్యాంకు దించాను.

ఈ మధ్యలో జరిగిన పని కూడా చెప్పాలి. విశాఖపట్నంలో బారెలు లోపలి గోడ చెక్కించి కాస్త పెద్ద కొలత పిస్టను వేయించాను. వాల్వులు నా చేత్తో రుబ్బాను. తవిటమ్మ పప్పు రుబ్బుతూ, "నీ రుబ్బుడు మెత్తగా లేదు, ఇంకా గరగరమంతన్నాది" అంది. విని చూస్తే నిజమే, మరో పూట రుబ్బాను. కిరోసిను పోస్తే చుక్క దిగలేదు. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మేగ్నెటో సరిచేశాను. సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం మొనల మధ్య పెట్టి లాగితే, అది వదిలే క్షణమే నిప్పురవ్వ పుట్టే క్షణం. చుట్ట కూడా మానేసినవాణ్ణి, ఆ కాగితం కోసం సిగరెట్లు కొన్నాను. సిగరెట్లు కూర్మయ్య తాగాడు.

ఇక ట్యాంకు. అడుగున ఇంజనుకు నూనె దిగే గొట్టం మూతిలో రాయిలాంటిది అడ్డుపడి ఉంది. సన్నటి తీగతో లాగాను. జిగురులో గట్టిపడిన బియ్యపు గింజ. ఆ వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. కిరోసినులో కడిగి గోటితో గీరితే లోపల ఇంకా పసుపు రంగు.

దూర ప్రయాణానికి బండి ఇరుసుకు కందెన పెట్టేటప్పుడు మూడు పసుపు అక్షింతలు అందులో వేసేది మా అమ్మ. ఊళ్లో ఇంకెవరూ వెయ్యరు. అది ఆమె పుట్టింటి ఆచారం. మా ఇంట్లో ఆమె దగ్గర దాన్ని నేర్చుకున్న మనిషి ఒక్కతే. మీ ఇంట్లో కందెన పెట్టేది పాలేరు, అక్షింతల మాటే మీకు తెలియదు.

మీరు పొయ్యలేదు. ఎందుకు పోశానని రాశారు? జవాబు రాయండి.

గణపతి

*

శృంగవరపుకోట,
2 సెప్టెంబరు 1968

గణపతీ,

విప్పకు అన్నది ఇందుకే. నువ్వు ఏదైనా చదివితే చివరి పేజీదాకా చదువుతావు. ఆ భయంతోనే అన్నాను.

ఆ తెల్లవారి నేను స్నానం చేసి వచ్చేసరికి మీ అప్ప సావిట్లోంచి వస్తోంది. పచ్చి బాలింత. చేతులకు మసి. తండ్రి దగ్గరికి తను వెళ్లే స్థితి లేదు, వెళ్లే బండికైనా తన చెయ్యి తగలాలనుకుంది. చక్రానికి పూసి ఉంటుందనుకున్నాను. "జాగర్తగా తోలు, మా అయ్యకి అందాల" అంది. విజయనగరంలో సీసాలు తీసుకుని జేబులో పెట్టుకుని, ఎంత వేగం పోతే అంత వేగం పోయాను. రణస్థలం దాటబోతుండగా ఇంజను ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. ట్యాంకు మూత తీస్తే కందెన వాసన కొట్టింది. అప్పుడే తెలిసింది. రోడ్డు పక్క రైతు పాకలో బండి వదిలి, కొంత ఎడ్లబండి మీద, కొంత కాలినడకన మీ ఊరు చేరాను. తరవాతది నీకు తెలుసు.

ఇంటికి తిరిగి వచ్చాను. చెబుదామనే వచ్చాను. నేను నోరు తెరవకముందే ఆమె అంది: "నాను సెయ్యవలసింది సేసినాను. మా అమ్మ ఎలగ పెట్టిందో అలాగే కందెన పోసినాను, అచ్చింతలేసినాను. నా సెయ్యి తప్పు నేదు. నీ ఇనప గుర్రవే మా అయ్యని ముంచేసినాది." ఒళ్లో బిడ్డ ఉంది. ఆ ముఖం చూసి ఎవడైనా చెప్పగలడా? నేను చెప్పలేకపోయాను. మరునాడు చెప్పలేదు కాబట్టి ఆ మరునాడు చెప్పడం ఇంకా కష్టమైంది.

ఎందుకు బాగుచేయించలేదని అడిగావు. ఏ మేస్త్రీ విప్పినా ఆ సావిట్లోనే, ఆమె ఎదటే, "కందెన పోసిందెవులు?" అని గట్టిగా అడుగుతాడు. అందుకని అలాగే ఉంచాను. ఇప్పటికీ కోపం వస్తే ఆ బండి మాట ఎత్తి నన్ను దెప్పుతుంది. దెప్పనీ. అలవాటైపోయింది, ఒకరోజు దెప్పకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాను.

ఆ గింజలు పారెయ్యి. నీకు నేను మూర్ఖుణ్ణి కావడమే మేలు.

నీ బావ

*

శ్రీకూర్మం,
10 అక్టోబరు 1968

బావా,

నిన్న ఇంజను తిరిగింది.

కిక్కు కొట్టాను, దగ్గింది. మళ్లీ కొట్టాను. మూడోసారికి ఊరంతా వినపడేలా ఒక్క పేలుడు. గోడ దగ్గర కుర్చీలో కూర్చున్న నరసింగరావు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కావాలని చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేదని మాత్రం అనుకున్నాను. తరవాత ఇంజను నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది, నిండు పనిలో ఉన్న కమ్మరి సుత్తిలా, తొందర లేకుండా. కూర్మయ్య చెవి దగ్గర పెట్టి విని, "బాబూ, మా షెడ్డులో కూడా ఇంత సుబ్బరంగా కట్టరు" అన్నాడు. తవిటమ్మ అడ్డపొగ తీసి పక్కన పెట్టింది. ఇన్నాళ్లలో అది ఆమె ఇచ్చిన ఒకే ఒక్క బిరుదు. "మీ అయ్య ఉంటే ఈ సప్పుడు ఇందుడు" అంది. నేను ఇంజను ఆపలేదు. ఆయన మంచం వేసి ఉండే గది కిటికీ తెరిచి, పెట్రోలు అయ్యేదాకా దాన్ని అలా కొట్టుకోనిచ్చాను. బోల్టు బోల్టూ నా చేత్తో బిగించినది. ఈ జిల్లాలో ఇంత చదివినవాళ్లు పదిమంది ఉంటే ఉంటారు, వాళ్లలో ఒక్కడైనా ఇది చేశాడేమో చెప్పమను.

వచ్చే ఆదివారం దాని మీదే బయలుదేరుతున్నాను. రణస్థలం మీదుగానే వస్తాను. మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరతాను. ఆ మాట నిలబెట్టే బాధ్యత ఇప్పుడు బండిది, నాది.

అప్పకు ఏం చెబుతానో ముందే రాస్తున్నాను, నువ్వు కంగారు పడకు. "నూనె పంపు చక్రం అరిగిపోయి ఉంది, కంపెనీ నుంచి వచ్చినా ఎప్పటికైనా అరిగేదే. అది అరిగితే దేవుడు తోలినా బండి నడవదు. బావ తప్పు లేదు, ఇంకెవరి తప్పూ లేదు. విప్పినవాణ్ణి నేను, చూసినవాణ్ణి నేను" అంటాను. ఆ ఇంజను సంగతిలో నా మాటకు తిరుగులేదు ఇప్పుడు. అబద్ధమే. అయినా ఆ పంపు చక్రాన్ని నిజంగానే మార్చాను, పాతదాన్ని జేబులో తెస్తున్నాను, చూపించడానికి.

తిరిగి బయలుదేరేటప్పుడు ఆమె ఊరుకోదు, కందెన గొట్టం తెస్తుంది. ఆ సంగతి కూడా చూశాను. వెనక చక్రం ఇరుసు పక్కన చిన్న ఇత్తడి గిన్నె ఒకటి మూతతో అతికించాను. తవిటమ్మ పళ్లెంలోంచే కోసి చేసినది. బయటికి చూస్తే ఇంజనుకు ప్రాణం అదే అనిపించేలా పాలిష్ పెట్టాను. ఆ గిన్నె నుంచి లోపలికి దారి లేదు. "అప్పా, ఇక్కడ పొయ్యాలి" అని చూపిస్తాను. ఎంత కావాలంటే అంత పోస్తుంది, మూడు గింజలూ వేస్తుంది. బండి నడుస్తుంది.

చుట్టలు సిద్ధంగా ఉంచు. నీ జేబులోంచి లాక్కోవాలని ఉంది, నాకు అలవాటు లేకపోయినా.

ఒరే బావా, ఉంటాను.

నీ బావమరిది,
గణపతి

తా.క. నేను మంచివాణ్ణి అయిపోయానని అనుకోకు. మందు అందనందుకు మా అప్పను ఏమీ అనను. ఆమె పోసింది ప్రేమ, దాన్ని తప్పుగా పోసింది, అంతే. నరసింగరావును వదిలేశాను, కుర్చీ సరిపోయింది. కానీ ఇరవై ఏళ్లు నాకు బావ లేకుండా చేసినవాడు ఒకడున్నాడు. ఒక్కసారి పక్కకు పిలిచి చెవిలో చెబితే నేను గొంతు దాటనిచ్చేవాణ్ణి కాదు. భారం ఇద్దరం మోసేవాళ్లం. తమ్ముడి గుండె కూడా అప్ప కోసం ఆ భారం మోయగలదని నమ్మక, మోసే గొప్పంతా తనొక్కడే ఉంచుకుని, నన్ను ఇన్నేళ్లు ద్వేషంలో ఊరవేశాడు. పెళ్లిళ్లలో నేను ముఖం తిప్పుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాడు. ఆ తప్పు మాత్రం నేను క్షమించలేదు, క్షమించను, ఆదివారం నీ ఇంట్లో భోజనం చేస్తూ కూడా ఎదురుగా కూర్చుని అంటాను. ఆ మనిషి పేరు జగన్నాధం.